పోపులడబ్బాలో మాత్రలు

శ్రీమంతం నాటికి చింతపండు పెట్టి తోముదామని మా చిట్టి ఇంట్లో అటకమీద వున్న ఇత్తడి పోపులడబ్బా దింపాను. అది వాళ్ళమ్మది. అంటే మా ఆడపడుచుది. ఆవిడ పోయి ఆరేళ్ళయింది. వాడకంలో లేని డబ్బా కదా, ఖాళీగా వుంటుందనుకుని మూత తీశాను. ఆవాలగిన్నెలో మాత్రల షీటు మడిచిపెట్టి వుంది. కళ్ళజోడు సవరించుకుని పేరు చదివాను, సెర్ట్రలీన్ అని. నాకేం బోధపడలేదు. దానికింద డాక్టరు చీటీ. పేరు కింద సైకియాట్రిస్టు అని వుంది. అది మాత్రం బాగానే బోధపడింది.

మేముండేది ఫిల్మ్‌నగర్‌లో, ఫిలిం ఛాంబరుకి కూతవేటు దూరం. జూబ్లీహిల్స్ పక్కన అంటే ఊళ్ళో మా బంధువులు మేమేదో మేడల్లో వున్నామనుకుంటారు. మేడలున్న మాట నిజమే, వాటి గేట్లు మేమూ బయటనుంచే చూస్తాం. పరిశ్రమ మద్రాసు వదిలి ఇటు వచ్చినప్పుడు దానివెంట పెట్టేబేడా సర్దుకుని వచ్చిన సంసారాల్లో మాదొకటి. మావారు ఎడిటింగ్‌లో పనిచేసి రిటైరయ్యారు. చిట్టి డబ్బింగ్ చెబుతుంది. తెలుగు రాని హీరోయిన్లు వున్నంతకాలం దాని అన్నానికి లోటు లేదని మావారి వేళాకోళం. వాళ్ళ ఫ్లాటు మా వెనకవీధిలోనే. తల్లి లేని పిల్ల, అందులో ఐదోనెల. ఆ పెద్దరికం ఏదో నా నెత్తిన నేనే పెట్టుకున్నాను.

"కడుపుతో వున్నదానివి, ఈ మాత్రలేమిటే?" అన్నాను.

దాని మొహం పాలిపోయింది. రెండేళ్ళుగా వాడుతోందిట. మొగుడికి తెలుసు, అత్తగారికి తెలియదు. నెల తప్పగానే డాక్టరుతో చెప్పిందిట, ఆవిడ ఆలోచించి ఇవే కొనసాగించమన్నారుట.

"డాక్టర్లకేం, అలాగే అంటారు. కన్నబిడ్డ కోసం నాలుగు నెలలు ఓర్చుకోలేవూ? మేమంతా కనలేదూ?" అన్నాను.

అది మారుమాట్లాడలేదు. షీటు నా చేతిలోంచి తీసుకుని చెత్తబుట్టలో పడేసింది. నేను తృప్తిగా ఇంటికొచ్చి పప్పు తాలింపు పెట్టుకున్నాను. ఒక ప్రాణాన్ని కాపాడాననే అనుకున్నాను, నిజం చెప్పాలంటే.

ఓర్చుకో అనే మాట మన భాషలో ఎంత చవకో అప్పుడు తట్టలేదు. వేవిళ్ళకి ఓర్చుకో, అత్తగారికి ఓర్చుకో, నొప్పులకి ఓర్చుకో. అనేవాళ్ళకి దమ్మిడీ ఖర్చు లేదు.

మూడు వారాలు గడిచాయి. మొదట తల తిరుగుతోందంది, నిద్ర రావడం లేదంది. గర్భిణికి మామూలే అన్నాను. తర్వాత ఫోను ఎత్తడం మానేసింది. ఓరోజు డబ్బింగ్ థియేటర్ నుంచి అక్కడి కుర్రాడు ఫోను చేశాడు, "మేడమ్‌ని తీసుకెళ్ళండి ఆంటీ" అని. ఆటోలో పరుగెత్తాను. హీరోయిన్ తండ్రి శవం మీదపడి ఏడ్చే సీనుట. చిట్టి ఒక్క టేకులో చెప్పేసిందిట. డైరెక్టరు అద్దం అవతలినుంచి చప్పట్లు కొట్టాడుట. హీరోయిన్ ఏడుపు ఆపేసింది, మా పిల్లది ఆగలేదు. మైకు ఆపేశారు, దీపాలు వేశారు, అది స్టూలు మీద అలాగే కూర్చుని ఏడుస్తోంది. శబ్దం కూడా లేదు. నన్ను చూసి, "అత్తయ్యా, నేను లేకపోతే వీడు హాయిగా పుడతాడేమో" అంది.

తల్లి లేకుండా బిడ్డ ఎలా పుడుతుందే పిచ్చిదానా అనబోయి నాలుక కరుచుకున్నాను. ఆ 'పిచ్చి' అనే మాటతో మా పేటలో ఎంత వ్యాపారం జరుగుతుందో మీకు తెలుసు. కామెడీ సీను పండకపోతే ఎర్రగడ్డ పేరు ఎత్తితే చాలు, హాలంతా నవ్వుతుంది. మేమూ నవ్వాం. చిట్టి కూడా అలాంటి సీన్లకి గొంతు ఇచ్చింది, డబ్బులు తీసుకుంది. మాత్రలు మాత్రం అటకమీద పెట్టుకుంది.

ఆ సాయంత్రమే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. మాత్రలు మాన్పించింది నేనేనని ఒప్పుకున్నాను. ఆవిడ నన్ను కోప్పడలేదు, అదే బాధనిపించింది. ఇలాంటి మందు హఠాత్తుగా ఆపకూడదు, ఆపాలన్నా మెల్లిమెల్లిగా తగ్గించాలి, అదీ మనిషిని చూసి నిర్ణయించాలి అన్నారు. అమెరికాలో గర్భవతులైన 201 మంది స్త్రీలని కనిపెట్టి చూసిన ఒక పరిశోధన 2006లో వచ్చిందిట. మందు మానేసినవాళ్ళలో నూటికి 68 మందికి జబ్బు తిరగబెట్టింది, మానకుండా వాడినవాళ్ళలో 26 మందికి. తిరగబెట్టిన జబ్బు కడుపులో బిడ్డని వదిలేసి తల్లిని మాత్రమే పట్టుకుంటుందా? తినని తల్లి, నిద్రపోని తల్లి, పరీక్షలకి వెళ్ళని తల్లి. నెలలు నిండకుండా కాన్పు రావడం, బిడ్డ బరువు తక్కువగా పుట్టడం అలాంటివాళ్ళలో ఎక్కువేనని చెప్పారు.

"మరి మందువల్ల బిడ్డకేమీ కాదా?" అన్నాను. కాదు అని ఆవిడ చెబుతారని ఆశ. చెప్పలేదు. ఆ నిజాయితీ వల్లే ఆవిడ మీద నాకు గురి కుదిరింది.

నెలలు దగ్గరపడేదాకా వాడితే, పుట్టిన పిల్లల్లో ఇంచుమించు మూడోవంతు మందికి కొద్దిరోజులు వొణుకు, చిరాకు, పాలు సరిగ్గా తాగకపోవడం, ఊపిరి వేగంగా తీయడం కనిపించవచ్చు. చాలామందికి కొద్దిరోజుల్లో, మహా అయితే ఒకటి రెండు వారాల్లో, సర్దుకుంటుంది. ఇంకొకటి అరుదుగానీ పెద్దది. పుట్టగానే ఊపిరితిత్తుల్లో రక్తనాళాలు తెరుచుకోవలసినంత తెరుచుకోకపోవడం. మామూలుగా వెయ్యిమందిలో ఇద్దరికి వచ్చేది, ఈ మందులు వాడిన తల్లుల పిల్లల్లో వెయ్యికి ముగ్గురి దాకా వచ్చినట్టు 2015లో వచ్చిన పెద్ద లెక్క ఒకటుంది. అందుకని పురుడు పసిపిల్లల డాక్టరు అందుబాటులో వుండే ఆసుపత్రిలోనే పోసుకోవాలి, ఈ మాత్ర సంగతి వాళ్ళకి ముందే చెప్పి వుంచాలి. అటకమీద దాచకూడదన్నమాట.

అన్ని మందులూ ఒకటి కావని కూడా చెప్పారు. ఫిట్సుకీ, మనసు అతిగా పొంగే జబ్బుకీ ఇచ్చే వాల్‌ప్రోయేట్ అయితే కడుపులో బిడ్డ వెన్నుకీ మెదడుకీ నిజంగానే ప్రమాదం. పిల్లలు పుట్టే ఈడు ఆడవాళ్ళకి ఇచ్చేముందే ఆలోచించాలి. కాబట్టి మాత్ర పేరు తెలియకుండా భయపడటమూ తప్పే, ధైర్యం చెప్పడమూ తప్పే. నేను మొదటిది చేశాను.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. నన్ను తొలిచింది ఆ లెక్కలు కావు. చిట్టి మాత్ర వేసుకుని బిడ్డకి ఏదైనా అయివుంటే, ఆ పాపం దానిది అని ముందుగా అనేదాన్ని నేనే. మాత్ర మానేసి అది ఏ అఘాయిత్యమో చేసుకుని వుంటే? విధి అని, కర్మ అని, ముక్కు చీదుకునేదాన్ని. నా మాట దానికి కారణమని ఈ లోకంలో ఎవరూ అనరు. చేసినపనికే మన దగ్గర పద్దు వుంది, మాన్పించిన పనికి లేదు. మింగిన మాత్ర కంటికి కనిపిస్తుంది, షీటులో ఖాళీ గుంట మిగులుతుంది. మింగకపోయినదానికి గుర్తేం వుంటుంది చెప్పండి?

పైగా ఇందులో ఇంకో కిటుకుంది. చిట్టికి చక్కెర జబ్బో, థైరాయిడ్డో వుంటే ఆ మాత్రలు నేనే గ్లాసుతో నీళ్ళిచ్చి మింగించి వుండేదాన్ని. బిడ్డకోసమే మింగమనేదాన్ని. మనసు జబ్బు అనేసరికి అది తన సుఖం కోసం మింగుతున్నట్టు లెక్క వేశాను. తల్లి సుఖపడటం బిడ్డ నోటి దగ్గర ముద్ద లాక్కోవడం అనే భావం నాలో ఎక్కడో గూడుకట్టి వుందన్నమాట. వారపత్రికలు నలభయ్యేళ్ళు చదివి సంపాదించిన జ్ఞానం ఇదా అని నామీద నాకే రోత పుట్టింది.

ఇక్కడ మా ఆడపడుచు సంగతి చెప్పాలి. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పనిది. 1994లో చిట్టి పుట్టినప్పుడు ఆవిడ పుట్టింట్లో, తెనాలి దగ్గర పల్లెలో, బాలింతరాలు. పదోరోజునుంచి మాటలు తగ్గిపోయాయి. బిడ్డని ఎత్తుకోమంటే ఎత్తుకునేది, పాలివ్వమంటే ఇచ్చేది. గాలి సోకిందన్నారు. వేపమండలు తెచ్చారు. ఎవరో వచ్చి వీభూది పెట్టారు. ఒక తెల్లవారుజామున బిడ్డని ఒళ్ళో పెట్టుకుని నూతిగట్టు మీద కూర్చుని వుంటే పాలవాడు చూసి కేకేశాడు. ఆ తర్వాత ఏడాదికి తనంతట తనే మామూలు మనిషైంది. మళ్ళీ ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. కాకపోతే చిట్టిని ముద్దాడినప్పుడల్లా దాన్ని క్షమాపణ అడుగుతున్నట్టే వుండేది ఆవిడ మొహం. ఆ ఏడాది గురించి ఆవిడని ఎవరైనా అడిగారా? నేను అడగలేదు. అప్పుడు నేను కొత్తకోడల్ని కాదు, పదేళ్ళ కోడల్నే.

మనదేశంలో బాలింతల్లో నూటికి 22 మందికి ఇలాంటి దిగులు జబ్బు వుందని 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో లెక్కగట్టారు. ప్రతి ఐదుగురిలో ఒకరు. మన ఇళ్ళల్లో గాలి అంతమందికి సోకుతోందన్నమాట. బెంగుళూరు నిమ్‌హాన్స్‌లో 2009 నుంచి తల్లినీ బిడ్డనీ విడదీయకుండా ఒకేచోట వుంచి వైద్యం చేసే వార్డు వుంది. 1994లో వున్నా మేం తీసుకెళ్ళేవాళ్ళం కాదేమోలెండి.

చిట్టి మళ్ళీ మాత్రలు మొదలుపెట్టింది. ఈసారి డబ్బింగుకి సెలవుపెట్టింది. అత్తగారు తెనాలి నుంచి దిగారు, శ్రీమంతం జరిగింది, గాజులు తొడిగాం, చలిమిడి పెట్టాం. మాఘమాసంలో మగపిల్లాడు పుట్టాడు. రెండోరోజు వాడికి కాళ్ళూ చేతులూ వొణికాయి, పాలు పట్టలేదు. పసిపిల్లల వార్డులో నాలుగు రోజులు కనిపెట్టి వుంచారు. నర్సు మాత్ర సంగతి అడిగింది, చిట్టి సమాధానం చెప్పింది, అత్తగారు పక్కనే వున్నారు. గుట్టు అలా బయటపడింది.

ఆ నాలుగు రోజులూ ఆ ఇంట్లో ఎలా గడిచాయో నేను రాయలేను. "నా మనవడి ఒంట్లో విషం పోసింది" అన్నారావిడ. తప్పు పట్టలేకపోయాను. ఐదునెలల కిందట నేనన్నది కూడా అదే, కాస్త మెత్తగా.

దీనికితోడు డల్లాస్ నుంచి చిట్టి ఆడపడుచు ఫోను. అక్కడ టీవీల్లో లాయర్లు ప్రకటనలు ఇస్తారుట, గర్భంతో వుండగా ఈ మందులు వాడారా, బిడ్డకి లోపమా, మాతో మాట్లాడండి అని. కంపెనీమీద కేసు వెయ్యమంది. అదీ అబద్ధం కాదు. పారోక్సెటీన్ అనే మందు మొదటి నెలల్లో వాడితే బిడ్డ గుండెలో లోపాలు రావచ్చని 2005లో అమెరికా ప్రభుత్వం హెచ్చరించింది. 2009లో ఫిలడెల్ఫియాలో ఒక జ్యూరీ ఆ కంపెనీ సరిగ్గా హెచ్చరించలేదని తేల్చి ఒక బిడ్డ కుటుంబానికి 25 లక్షల డాలర్లు ఇమ్మంది. కానీ చిట్టి వాడింది ఆ మందు కాదు. ఆ పైన 2014లో అమెరికాలోనే తొమ్మిదిన్నర లక్షల గర్భిణుల రికార్డులు చూసిన పరిశోధనలో, జబ్బు తేడాలన్నీ లెక్కలోకి తీసుకుంటే, ఈ జాతి మందులవల్ల గుండె లోపాలు పెద్దగా పెరగలేదని తేలింది. మందుల కంపెనీలని గుడ్డిగా నమ్మమని నేననను. థాలిడోమైడ్ అనే మాత్రని 1957 నుంచి జర్మనీలో హాయిగా నిద్రపడుతుందని, వేవిళ్ళు తగ్గుతాయని అమ్మారు. 1961లో ఆపేసేలోపల పదివేలమందికి పైగా పిల్లలు వంకర కాళ్ళూచేతులతోనో, అసలవి లేకుండానో పుట్టారు. మన భయానికి తల్లీతండ్రీ వున్నారు. ఆ భయాన్ని ఏ మాత్రకి పడితే ఆ మాత్రకి దత్తత ఇవ్వడమే చిక్కు.

మా కిందిఫ్లాటులో ఒక లాయరమ్మ వుంది. ఆ అమ్మాయిని అడిగాను, మన దగ్గర ఇలాంటివాటికి దారేమిటని. వినియోగదారుల రక్షణకి 2019లో వచ్చిన కొత్త చట్టంలో మందులోపంవల్ల, లేదా హెచ్చరిక ఇవ్వకపోవడంవల్ల హాని జరిగితే తయారీదారుమీద పరిహారం అడగవచ్చుట. రెండేళ్ళలోపు వెయ్యాలి. డాక్టరు సంగతి వేరు. వైద్యానికి ముందు దాని లాభం, ప్రమాదం, వేరే మార్గాలు రోగికి అర్థమయ్యేలా చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. మా డాక్టరమ్మ చెప్పింది, చీటీమీద రాసి కూడా పెట్టింది. ఎవరిమీద వెయ్యాలి కేసు? ముందు నామీద వెయ్యాలి. చీటీ చూడకుండా మందు మాన్పించిన మేనత్తలకి ఏ చట్టంలోనూ శిక్ష లేనట్టుంది. మందువల్ల ఏదైనా తేడా కనిపిస్తే 1800-180-3024కి ఎవరైనా ఉచితంగా ఫోను చేసి చెప్పవచ్చని కూడా ఆ అమ్మాయే చెప్పింది. కోర్టుకెక్కేదానికన్నా అది మేలనిపించింది, నలుగురికీ పనికొస్తుంది.

అసలు దెబ్బ వేరేవైపునుంచి వచ్చింది. అత్తగారి తమ్ముడొకాయన, "మతిస్థిమితం లేని పిల్ల అని కోర్టులో చెబితే విడాకులు వాటంతటవే వస్తాయి, బిడ్డ మనకే" అన్నాడుట. చిట్టి ఆ మాట విన్నది మొదలు మళ్ళీ మాత్ర దాచేసింది. చూశారా, ఆడవాళ్ళు మందులు అటకమీద ఎందుకు పెడతారో!

లాయరమ్మ పైకొచ్చి మంచం పక్కన కూర్చుని చెప్పింది. హిందూ వివాహ చట్టంలో మనోవ్యాధి కారణం వున్న మాట నిజమే, కానీ జబ్బు వుంటే చాలదు, కలిసి బతకడం సాధ్యంకానంత తీవ్రంగా వుందని రుజువు చెయ్యాలని సుప్రీంకోర్టు 1988లోనే అంది. 2013లో మన తెలుగు దంపతుల కేసులో మళ్ళీ అదే అంది. కాకినాడలో పెళ్ళయిన డాక్టర్లిద్దరు వాళ్ళు. భార్యకి స్కిజోఫ్రీనియా అని భర్త విడాకులడిగితే, ఆవిడ పైచదువు చదివి ఉద్యోగం చేస్తోంది కదా అని కోర్టు కాదంది. 2017 మానసిక ఆరోగ్య చట్టమైతే మనోవ్యాధి వున్నంతమాత్రాన మతిలేనివాళ్ళని అనకూడదని రాసేసింది. ఆసుపత్రిలో చేరవలసివచ్చినా మూడేళ్ళలోపు బిడ్డని మామూలుగా తల్లినుంచి విడదీయకూడదంది. రోగి సంగతులు గుట్టుగా వుంచాలంది. చిట్టి ఇదంతా విని, "ఇవన్నీ ఉన్నాయా అక్కా?" అని ఒకే ఒక్క ప్రశ్న వేసింది. లాయరమ్మ వెళ్తూ వెళ్తూ ఫ్రిజ్‌మీద 14416 అని రాసిన కాగితం అంటించింది. అర్ధరాత్రి అయినా ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే చెయ్యవచ్చుట, టెలిమానస్ అని 2022లో మొదలైంది, తెలుగులోనే మాట్లాడతారు.

అల్లుడు మంచివాడు, నోరులేనివాడు. అతను ఆ రోజు మాత్రం నోరు తెరిచాడు. "మామయ్యా, మీరు మా ఇంటికి రావద్దు" అన్నాడు, అంతే. ఆ మామయ్య మళ్ళీ రాలేదు.

పిల్లాడి వొణుకు ఐదోరోజుకి పోయింది. ఇప్పుడు బోర్లా పడుతున్నాడు. చిట్టి పాలిస్తోంది, ఆ మందు పాలల్లోకి వెళ్ళేది చాలా కొంచెమేనని ఇద్దరు డాక్టర్లూ చెప్పాకనే. అన్నీ బాగైపోయాయని కాదు. కొన్నిరోజులు దాని మొహం వాళ్ళమ్మ మొహంలా అయిపోతుంది, నాకు గుండె ఝల్లుమంటుంది. అత్తగారు ఇప్పటికీ ఆ మాత్రవల్లే వొణికాడని అంటారు. నిజానికి ఆ మాట తప్పు కాదు కూడాను, అయ్యుండవచ్చు. నేను వాదించడం మానేశాను. చిట్టిని మాత్రం ఒకరోజు అడిగాను, "డాక్టరు చెప్పింది కాదని నా మాట ఎందుకు విన్నావే?" అని. "అమ్మ వుంటే తనూ అలాగే అనేదనుకున్నాను అత్తయ్యా" అంది. నేనేం చెప్పను? నూతిగట్టు సంగతి ఆ మధ్యాహ్నమే దానికి చెప్పాను. చాలాసేపు విని, పిల్లాణ్ణి నా ఒళ్ళో పడేసి, మొహం కడుక్కుని వచ్చింది.

ఇత్తడి పోపులడబ్బా ఇప్పుడు ఫ్రిజ్‌మీద వుంటుంది, మాత్రలు అందులోనే. నిన్న వెళ్ళేసరికి అత్తగారు దాన్ని ముందేసుకుని చింతపండుతో తోముతున్నారు. మాత్రల షీటు తీసి పక్కన పొడిగుడ్డమీద పెట్టారు. డబ్బా కడిగి, తుడిచి, ఎండలో ఆరబెట్టి, మళ్ళీ షీటు అందులో పెట్టి మూత వేశారు. "కాఫీ తాగుతారా వదినగారూ?" అన్నారు.